చీకటి సరఫరా

నేను కరెంటోణ్ణి. రిటైరైనా ఆ పేరు పోలేదు. కడపలో మా వీధిలోవాళ్లు ఇప్పటికీ మా ఇంటిని ‘కరెంటాయన ఇల్లు’ అనే అంటారు. కరెంటు ఉన్నంతసేపు నేనొకణ్ణి ఉన్నానన్న సంగతి ఎవరికీ పట్టేది కాదు. అది పోయిన మరుక్షణం మాత్రం మా వంశంలో పైతరాలతో సహా అందరినీ పేరుపేరునా తలుచుకునేవాళ్లు. ఎండాకాలం కోతల్లో ఊళ్లకు ఊళ్లకే అడక్కుండా చీకటి పంచిన చేతులివి. అలాంటివాణ్ణి ఒక్క ఓమ్ని వ్యానులో, నలుగురు పడుకునేపాటి చీకటిని సమకూర్చలేక నానా తిప్పలు పడ్డాను. ఈ సంగతి మా ఆవిడ ఇప్పటికే బంధువులందరికీ చెప్పేసింది కాబట్టి దాచి లాభం లేదు. ఆమె చెప్పేదాంట్లో కొంత అతిశయోక్తి ఉంది. దాన్ని సరిదిద్దడానికే ఇది రాస్తున్నా.

రిటైర్మెంటు డబ్బుల్లో మా ఆవిడ గాజులడిగింది, మా అమ్మ కాశీ అడిగింది, నేను వ్యాను కొన్నాను. నాలుగు చేతులు మారిన ఓమ్ని. ఆ బళ్లు 2019లో ఆగిపోయాయి కాబట్టి ముందుముందు దొరకవని, ఇది పెట్టుబడి అని ఇంట్లో నచ్చజెప్పాను. అసలు కారణం ఫోనులో చూసిన వీడియోలు. తెల్లదొర ఒకాయన భార్యనూ కుక్కనూ ఎక్కించుకుని వ్యాన్లోనే లోకం తిరుగుతుంటాడు. వెనక సీట్లు తీసేసి పరుపు, పరుపు కింద సామాన్లు, పొయ్యి. సాయంత్రానికి ఏదో సరస్సు పక్కన ఆపుతాడు. చుట్టూ కొండలు, మనిషి జాడ ఉండదు, చీకటి దానంతటదే వచ్చి కూర్చుంటుంది. నేనూ వెనక సీట్లు పీకించి, చెక్క కొట్టించి, దూదిపరుపు వేయించాను. సరస్సు ఒక్కటే మన చేతుల్లో లేదు.

మేం పోయేది మంత్రాలయం. మా ఇంట్లో ఇది నాన్న కాలం నుంచి ఉన్న ఆనవాయితీ. శ్రావణ బహుళంలో ఆరాధన, మధ్యలో వీలైన గురువారాలు. 1671లో శ్రావణ బహుళ విదియనాడు రాఘవేంద్రస్వామి సజీవంగా బృందావన ప్రవేశం చేసిన ఊరు. అప్పటికి దాని పేరు మంచాల. ఆరాధన రోజుల్లో కర్ణాటక, తమిళనాడు, తెలంగాణ అంతా అక్కడే ఉంటుంది. గది అడిగితే నవ్వుతారు. మఠం వసారాల్లో, నది మెట్ల దగ్గర, బస్సుల నీడన, ఎక్కడ చాప పరిస్తే అదే గది. అలాంటిచోట సొంత గదిని చక్రాల మీద తెచ్చుకున్నవాణ్ణని నాకు కాస్త గర్వం ఉండేది. ఆ గర్వం బండి పార్కింగులో ఆపి హెడ్‌లైట్లు ఆర్పేదాకానే నిలిచింది. ఆర్పిన తరవాత కూడా వ్యానులో పేపరు చదువుకునేంత వెలుగు.

తలెత్తి చూస్తే హైమాస్ట్ లైటు.

దాన్ని చూడగానే నాకు వృత్తిధర్మంగా ముందు గౌరవమే కలిగింది. స్తంభం నిటారుగా ఉంది, దీపాలన్నీ వెలుగుతున్నాయి, ఒక్కటీ మిణకడం లేదు. పక్కవాడి పనితనాన్ని మెచ్చుకోవడంలో నేను పిసినారిని కాదు. కానీ పడుకున్నాక తెలిసింది. వెనక పరుపు మీద మా అమ్మ, ఆవిడ, మనవరాలు. నాకు మిగిలింది ముందు సీటు. ఓమ్నికి ఇంజిను ముందు సీట్ల కిందే ఉంటుంది. కడప నుంచి కర్నూలు మీదుగా వచ్చిన బండి కదా, కింద నుంచి వేడి, నడుముకు గేరు రాడ్డు, నుదుటి మీద హైమాస్టు. వెనక వాళ్లకు సీటు వీపు అడ్డం. వాళ్లు హాయిగా గురక పెడుతున్నారు. ‘ఇంత వెలుగులో ఎట్ల నిద్రపోతాండారు?’ అని లేపి అడిగితే, ‘ఏం వెలుగు?’ అంది మా ఆవిడ. దత్తమండలాల కలెక్టరుగా వచ్చిన మన్రో దొరకు ఇక్కడ స్వామి దర్శనమిచ్చి మాట్లాడాడనీ, చుట్టూ ఉన్నవాళ్లెవరికీ కనబడలేదనీ చెప్పుకుంటారు. రెండు వందల ఏళ్ల తరవాత మంత్రాలయంలో నా ఒక్కడికే కనబడింది మాత్రం ఎల్ఈడీ.

అందులోనూ తెల్ల ఎల్ఈడీ. ఇదివరకు సోడియం దీపాలుండేవి, పచ్చగా, పసుపు రాసిన గడపలా. వాటి వెలుగులో నీలం దాదాపు ఉండదు. తెల్ల ఎల్ఈడీలో నీలం ఎక్కువ. మన కంటి వెనక పొరలో కొన్ని కణాలకు చూపుతో పెద్దగా పనిలేదు, అవి పగలా రాత్రా అని మెదడుకు కబురు చెబుతుంటాయి. వాటికి ఎక్కువగా తగిలేది ఆ నీలి వెలుగే. అది పడితే నిద్ర తెప్పించే మెలటోనిన్ ఊరడం తగ్గుతుంది. కళ్లు మూసుకున్నా కొంత వెలుగు రెప్పల్లోంచి దిగుతుంది. 2014లో హుద్‌హుద్ తుపాను తరవాత విశాఖ వీధులకు ఎల్ఈడీలు వచ్చాయి, 2015లో కేంద్రం దేశమంతటికీ పథకం పెట్టింది, మా ఊళ్లకూ వచ్చాయి. పంచాయతీవాళ్లు దీపాలిస్తే స్తంభాలెక్కి ఆ పచ్చ బల్బులు దించి తెల్లవి ఎక్కించినవాళ్లలో నేనూ ఉన్నాను. అప్పుడు కింద నిలబడి జనం చప్పట్లు కొట్టారు కూడా. ఏ అరుగు మీద ఏ ముసలాయన నిద్ర చెడగొట్టానో, ఆ ఉసురు తగిలిందనుకున్నా.

మొదట పేపర్లు అంటించాను. తడిపిన పేపరు అద్దానికి బాగా పట్టుకుంటుందని మెకానిక్ షెడ్లలో చూసిన విద్య. ఎనిమిది అద్దాలకూ బాటిల్లో నీళ్లు చల్లి ఎనిమిది కాగితాలు. పేపరు మందం ఎంతని? వెనక లైటు పడేసరికి ఇటు అచ్చు, అటు అచ్చు రెండూ కలిసి వెలిగాయి. నా ముఖానికి ఎదురుగా అంటించింది జిల్లా ఎడిషన్లో నాలుగో పేజీ అని అప్పుడు చూసుకున్నా. నిండా శ్రద్ధాంజలులు. దండలేసిన ఫోటోలన్నీ వెనక నుంచి దీపం పెట్టినట్టు మెరుస్తూ నన్నే చూస్తున్నాయి. అందులో ఒకాయన నాకు తెలుసు. బిల్లు కట్టలేదని ఓసారి ఆయన ఇంటి ఫ్యూజు పీకాను. తెల్లవారుజామున గాలికి తడి ఆరి, కాగితాలు ఒక్కోటే ఊడి నా మీదే పడ్డాయి. ఆయన ఆఖరున పడ్డాడు.

నల్ల ఫిల్మ్ వేయించుకోవచ్చు కదా అని మా అబ్బాయి బెంగళూరు నుంచి ఉచిత సలహా. 2012 ఏప్రిల్లోనే సుప్రీంకోర్టు వద్దంది. ముందు వెనక అద్దాల్లోంచి డెబ్బై శాతం, పక్క అద్దాల్లోంచి యాభై శాతం వెలుగు లోపలికి పోవాల్సిందే అన్నది మోటారు వాహనాల నిబంధన, దాని మీద ఫిల్మ్ అంటించకూడదన్నారు. మామూలు కార్లకే అంత పట్టింపు, ఇక ఓమ్ని సంగతి చెప్పాలా? మన సినిమాల్లో ఆడపిల్లను ఎత్తుకుపోవాలంటే రౌడీలు వాడే బండి అదొక్కటే. పక్కకు జరిగే తలుపు, లోపలికి లాగడం, దుమ్ము లేపుకుంటూ పోవడం. ఆ బండికి నల్ల అద్దాలేసుకుని యాత్రాస్థలాల్లో తిరిగితే మనమే పోలీసు జీపు పిలిపించుకున్నట్టు.

కాబట్టి తెర. దారిలో ఎమ్మిగనూరు ఉంది. 1938లో మాచాని సోమప్ప పెట్టిన చేనేత సహకార సంఘంతో పేరొచ్చిన ఊరు. దుప్పట్లకూ తువ్వాళ్లకూ రాయలసీమలో ఆ పేరు చెబితే చాలు. మరుసటిసారి పోతూ అక్కడ ఆగి బలమైన దుప్పట్లు కొన్నాను. అంగడాయన, ‘ఎన్నేళ్లైనా ఉంటాది సార్’ అన్నాడు. నాకు కావాల్సింది ఏళ్లు కాదు. దుప్పటిని వీధిలోకి తెచ్చి ఎండకెత్తి పట్టుకుని చూశాను. పడుగుకూ పేకకూ మధ్య సన్నగా చుక్కలు చుక్కలుగా వెలుగు. రెండు మడతలేస్తే తగ్గింది, నాలుగేస్తే పోయింది. ‘కప్పుకోడానికి కాదా సార్?’ అని ఆయన. ‘కిటికీకి’ అన్నాను. ఇంత ఖరీదైన దుప్పటిని కిటికీకి కట్టేవాడు ఏ మిద్దెల్లో ఉంటాడోనని ఆయన నన్ను కొత్త గౌరవంతో చూశాడు. మా ఆవిడ తల తిప్పుకుంది.

నాలుగు మడతల దుప్పటి బరువు. సుతిలి కట్టి వేలాడదీస్తే మధ్యలో జారి, పైన అర్ధచంద్రాకారంలో సందు వచ్చింది. ఆ సందులోంచి సరిగ్గా హైమాస్టు. సరే, రబ్బరు కప్పులతో అద్దానికి అతుక్కునే షేడ్లు దొరుకుతాయి కదా అని అవీ తెచ్చాను. అవి నిలబడేది గాజు నున్నగా, శుభ్రంగా ఉంటేనే, లోపల గాలి లేకపోతేనే. మన సీమ రోడ్ల దుమ్ము సందులో చేరితే గాలి మెల్లగా దూరుతుంది. రాత్రి ఒంటిగంటకు ఒకటి టప్, రెండింటికి ఒకటి టప్. ప్రతి టప్పుకూ మా అమ్మ లేచి ‘ఎవురది?’ అనేది. నేను ‘ఎవరూ లేరు, పడుకోమ్మా’ అనేవాణ్ణి. మూడోసారికి ఆమె కూడా మానేసి, ‘మళ్లీ రాలిందా?’ అంది.

ఇలాంటి ఒక రాత్రే నేను ఆ స్తంభం దగ్గరికి నడిచాను. ఇది మా ఆవిడ చెప్పే కథలో ముఖ్య ఘట్టం. పడుకునే ముందు ఆమె, ‘ఊర్లకు ఊర్లకే తీసేసిన మనిషివి, ఈ ఒక్క దీపం తీయలేవా?’ అంది. ఎగతాళికే అంది, కానీ అది పురుగులా తొలిచింది. హైమాస్టు కింద, స్తంభంలోనే చిన్న తలుపు ఉంటుంది. లోపల ఎంసీబీలు, టైమరు. ఆ తలుపుకు తాళం ఉండాలి. లేనివి ఎన్నో నేను చూశాను. ఉందో లేదో చూద్దామనే పోయాను, ప్రమాణపూర్వకంగా చూద్దామనే. చేతులు వెనక్కి కట్టుకుని, ఆడిట్‌కు వచ్చిన ఆఫీసరు ఫోజులో చుట్టూ తిరిగాను. తాళం ఉంది. నాకు సంతోషమూ బాధా రెండూ కలిగాయి. వెనక నుంచి వాచ్‌మన్, ‘ఏం కావాల సామీ?’ అన్నాడు. ‘ఎర్తింగ్ బాగుందా అని’ అన్నాను. ‘బాత్రూం అటువైపు’ అన్నాడు.

మిగిలింది అట్ట. ఫ్రిజ్జు వచ్చిన అట్టపెట్టె రెండు పొరలది, మధ్యలో మడతల కాగితం. వెలుతురు అందులోంచి రానే రాదు. ఒక్కో అద్దం మీద పేపరు పరిచి, అంచు వెంట గోరుతో గీరి, ఆ కొలతకు అట్ట కోసి, ఓ వైపు నల్లరంగు, బయటివైపు వంటింటి అల్యూమినియం రేకు అంటించాను. మా ఆవిడ చపాతీలు చుట్టే రేకు అది. నిలబెట్టడానికి అయస్కాంతాలు. ఓమ్నికి లోపల ప్లాస్టిక్కు తక్కువ, అద్దాల చుట్టూ ఉత్త ఇనప రేకే. ఈ విషయంలో లక్షల ఖరీదు చేసే బండి కంటే మాదే నయం. అయస్కాంతాలకు నేను పోయింది గుజిరీ అంగడికి. పాత చక్రం మీటర్లుండేవి గుర్తుందా, లోపల అల్యూమినియం బిళ్ల గుండ్రంగా తిరుగుతుంటుంది? అది ఇష్టమొచ్చినట్టు తిరక్కుండా వేగానికి కళ్లెం వేయడానికి అందులో ఒక అయస్కాంతం పెడతారు. ఒకప్పుడు కొందరు తెలివైనవాళ్లు మీటరు పైన ఇంకో పెద్ద అయస్కాంతం పెట్టి ఆ బిళ్లను ఇంకా నిదానం చేసేవాళ్లు. అలాంటివాళ్లను పట్టుకుని నేను ఇచ్చిన ఉపన్యాసాలు మా సెక్షన్లో ప్రసిద్ధం. ఇప్పుడు సంచీనిండా అయస్కాంతాలేసుకుని వీధిలో నడుస్తుంటే, ఎదురొచ్చిన పాత కన్స్యూమరు ఒకాయన సంచీలోకి తొంగి చూశాడు. ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

ఆ అట్టలు బిగించిన రాత్రి లోపల కటిక చీకటి. నా చెయ్యి నాకు కనబడలేదు. ఆ ఆనందంలో కాసేపు నిద్ర పట్టలేదు. పట్టాక ఎవరో బండి మీద లాఠీతో కొట్టారు. అర్ధరాత్రి, ఓమ్ని, అద్దాలన్నీ మూసి, బయటికి రేకు తళతళ. కానిస్టేబుల్ స్థానంలో నేనున్నా కొట్టేవాణ్ణే. తలుపు జరిపేసరికి టార్చి నేరుగా మా అమ్మ ముఖం మీద. ‘ఎవరమ్మా మీరు, ఈయన ఎవరు?’ అన్నాడు. ఎనభై దాటిన మనిషి, నిద్రలో లేచి, ఒక్క క్షణం ఆలోచించింది. ‘మావోడే నాయనా. కొంచెం పిచ్చోడు గానీ దొంగ కాదు’ అంది. ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, మొదటి సగం నమ్మి, వెళ్లిపోయాడు.

ఉదయం మాత్రం ఆ అట్ట నా పరువు కాస్త నిలబెట్టింది. పెట్టెకు కొట్టిన ఇనప పిన్ను ఊడిన చోట సూదిమొనంత బెజ్జం ఉంది, నేను గమనించలేదు. సీటుకూ పరుపుకూ మధ్య అడ్డంగా నా తెల్లపంచె వేలాడేసి ఉంది. మనవరాలు లేచి, ‘తాతా, సినిమా!’ అంది. పంచె మీద అరచేయంత బొమ్మ. ఆకాశం కిందుంది, నేల పైనుంది. తుంగభద్రలో మునిగి తడిబట్టలతో వస్తున్న జనం తలకిందులుగా, కాళ్లు పైకి పెట్టి నడిచి పోతున్నారు. రంగులతో సహా. ఒకావిడ ఎర్రచీర, ఒకాయన నెత్తిన బిందె. శబ్దం బయటనుంచి, బొమ్మ లోపల. నేను పంచెను బెజ్జం దగ్గరికి జరిపితే బొమ్మ చిన్నదై మెరిసింది, దూరం జరిపితే పెద్దదై మసకబారింది. ఇదే నది మీద ఎగువన హంపి ఉంది. అక్కడ విరూపాక్షాలయంలో ఒక గది గోడ మీద రాజగోపురం నీడ తలకిందులుగా పడుతుంది, గైడ్లు పిలిచి మరీ చూపిస్తారు. కిటుకు అక్కడా ఇదే. వెలుగు తిన్నగా పోతుంది కాబట్టి, పైనుంచి వచ్చింది చిన్న రంధ్రంలోంచి కిందికీ, కిందిది పైకీ చేరుతుంది. విజయనగరం వాళ్లు రాతిలో చూపించింది నేను ఫ్రిజ్జు డబ్బాలో చూపించానని మా ఆవిడకు వివరించాను. ‘మనిషికి పది రూపాయలు వసూలు చేయండి, దుప్పట్ల డబ్బులన్నా వస్తాయి’ అంది. ఇంకో బెజ్జం పొడిచి రెండు బొమ్మలు వస్తాయా అని చూస్తూ కూర్చున్నాను. వచ్చాయి. ఈలోగా వాళ్లు ముగ్గురూ ఊరి దేవత మంచాలమ్మనూ, స్వామినీ దర్శించుకుని పరిమళ ప్రసాదంతో తిరిగొచ్చారు.

చీకటి కుదిరాక గాలి సమస్య మొదలైంది. నలుగురి ఊపిరి, ఎనిమిది మూసిన అద్దాలు. నడిరాత్రికి లోపల ఉక్క, అద్దాల మీద నీళ్లు, అట్టలు మెత్తబడి వంగడం. అద్దం రెండు వేళ్లు దించితే గాలితో పాటు దోమలు, దోమలతో పాటు హైమాస్టు. పక్కన ఒక పెద్ద కారువాళ్లు ఇంజిను ఆన్ చేసి ఏసీ వేసుకుని నిద్రపోతుంటే నేను తట్టి లేపాను కూడా. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఆయన కన్నడంలో తిట్టాడు. తిట్టినా ఇంజిను ఆర్పాడు, అది చాలు.

మా బండికి ఉపాయం మాత్రం నా ఉద్యోగంలోనే దొరికింది. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఇనప డబ్బా ఉంటుంది కదా, దాని పక్కలకు వాలుగా రేకు చీలికలుంటాయి. గాలి ఆడుతుంది, వాన పడదు. పాత ఫోటో స్టూడియోల డార్క్ రూముకూ తలుపు బదులు మలుపు తిరిగే నల్ల సందు పెట్టేవాళ్లు. వెలుగుకు తిన్నగా పోవడం తప్ప రాదు. గాలికి ఆ పట్టింపు లేదు, ఎటు తిప్పితే అటు పోతుంది. దోమతెర కుట్టి, దాని మీద పైనుంచి ఒక నల్ల అట్ట, కింది నుంచి ఒకటి, మధ్యలో బెత్తెడు ఎడం వదిలి ఒకదాన్నొకటి దాటేలా బిగించాను. గాలి వచ్చింది, వెలుగు రాలేదు. నేను జీవితంలో చేసిన పనుల్లో ఇది ఒక్కటే మొదటిసారే పనిచేసింది. దోమతెర కుట్టింది మా ఆవిడ. ఆ మాట ఇక్కడ రాయమని చెప్పింది.

ఆ పరికరాలన్నీ వేసుకుని మొన్న ఆరాధనకు పోయాం. ఈసారి కావాలనే నేరుగా హైమాస్టు కిందే ఆపాను. ఎనిమిది అట్టలు ఎనిమిది అద్దాలకు టక్కుటక్కుమని అతుక్కున్నాయి. ముందు అద్దానికి రెండు ముక్కల అట్ట. ఎక్కడా సన్నని గీత కూడా లేదు. పడుకుని, కళ్లు తెరిచి, మూసి, తేడా లేదని నిర్ధారించుకున్నాను. సరిగ్గా అప్పుడే నది వైపు నుంచి గాలీవానా. ఏదో తీగ మీద ఏదో కొమ్మ పడినట్టుంది. బయట జనం ఒక్కసారిగా ‘ఓ’ అన్నారు. ఆ కేకను నేను నిద్రలో విన్నా గుర్తుపడతాను. అట్ట తీసి చూస్తే హైమాస్టు లేదు, అంగళ్ల దీపాలు లేవు, ఊరు ఊరంతా మా వ్యాను లోపల ఉన్నంత చీకటి.

నాకు ఒళ్లు మండింది. అంత కష్టపడి తయారు చేసింది, అందరికీ ఊరికే! మా ఆవిడ చీకట్లోంచి, ‘మీవాళ్లకు ఫోన్ చేయండి, వానలో బయట ముసలోళ్లు ఉండారు’ అంది. నిజమే. పాత డైరీలోంచి సబ్‌స్టేషన్ నంబరు తీసి కొట్టాను. కుర్ర గొంతు ఒకటి పలికింది. నేను ఎవరో చెప్పుకుందామనుకున్నాను గానీ నోట్లోంచి వచ్చింది వేరే మాట.

‘ఏమప్పా, కరెంటు ఎప్పుడొస్తాది?’

‘లైన్ మీదే ఉండారు సార్. పది నిమిషాల్లో వచ్చేస్తాది.’

ఆ పది నిమిషాలంటే ఎంతో నాకంటే బాగా తెలిసినవాళ్లు ఈ జిల్లాల్లో ఎవరూ లేరు. అట్టలన్నీ పీకేసి, అద్దాలు పూర్తిగా దించి, కాళ్లు బయటికి చాపి పడుకున్నాను.